జలుబు టీకా

రెండో బోనులోని చిట్టెలుకకు ఎవరూ సూది వెయ్యలేదు. వేసింది మొదటి బోనులోని దానికి. రెండు బోనుల మధ్యా గాలి ఆడేందుకు ఒక గొట్టం ఉంది, అంతే. వారం తిరగకముందే రెండోది ముక్కు తుడుచుకోవడం మొదలుపెట్టింది. దాని రక్తం తీసి చూస్తే, కొత్త కోవిడ్‌ని ఎదుర్కొనే శక్తి మొదటిదానిలో ఎంత ఉందో దీనిలోనూ అంతే ఉంది. మూడో బోనుకి గొట్టం కలిపారు. దానికీ జలుబు చేసింది, దానికీ శక్తి వచ్చింది. నాలుగో బోను దాకా మాత్రం జలుబు పోలేదు.

“ఆగింది,” అంది డాక్టర్ హైమవతి.

గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

కోవిడ్ సంగతి అందరూ మరిచిపోయిన చాన్నాళ్ళకి అది రూపు మార్చుకుని మళ్ళీ వచ్చింది. పాత టీకాలు దాన్ని గుర్తుపట్టలేదు. కొత్త టీకా చెయ్యడం పెద్ద పని కాదు. దేశంలో ఇంతమందికి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వెయ్యడమే పెద్ద పని. అది పూర్తయ్యేలోపు జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. అందుకని హైదరాబాద్ శివార్లలోని ఆ ప్రయోగశాలలో హైమవతి బృందం మామూలు జలుబు తెచ్చే వైరస్ ఒకదాన్ని పట్టుకుని, కొత్త కోవిడ్ పైపొరలోని ఒక ముక్కని దానికి తొడిగింది. ఇది వేయించుకున్న మనిషికి నాలుగు రోజులు జలుబు చేస్తుంది. అతని పక్కన కూర్చున్నవాడికి ఆ జలుబు అంటుకుంటుంది. జలుబుతో పాటే రక్షణా అంటుకుంటుంది. అలా మూడో మనిషి దాకా పోయి ఆగిపోయేట్టు లోపల ఒక తాళం పెట్టారు. ఊళ్ళో ఎనిమిదో వంతు మందికి వేస్తే చాలు, మిగతా ఊరు దానంతటదే గట్టెక్కుతుంది.

ఇంకో పరీక్ష మిగిలింది. అది హైమవతి స్వయంగా అడిగి పెట్టించినది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కొత్త అవయవం మీద ఒళ్ళు ఎదురు తిరగకుండా, ఒంటి రక్షణ శక్తిని తగ్గించే మాత్రలు రోజూ మింగుతారు. ఆ మాత్రలు మేతలో కలిపి కొన్ని ఎలుకలకు పెట్టించింది. ఆ ఎలుకల్లో జలుబు తగ్గలేదు. రెండు చచ్చిపోయాయి. ఒకదాని నుంచి అంటిన జలుబు మూడో బోను దగ్గర ఆగకుండా ఆ వరుసలో చివరి బోను దాకా పోయింది. తాళం ఊడిపోయిందన్నమాట.

ఆ మాత్రల పేరు హైమవతికి కొత్త కాదు. ఐదేళ్ళ క్రితం తమ్ముడు మురహరి రెండు కిడ్నీలూ పాడైతే, ఒకటి తనది ఇచ్చింది. అప్పటినుంచీ అతను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఆ మాత్రలు మింగుతూనే ఉన్నాడు.

*

ఆ ఫలితం ఆమె దాచలేదు. ప్రయోగశాల అధిపతి డాక్టర్ కృపాదానం దాన్ని అట్లాగే పైకి పంపించాడు. ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం తెర మీద కూర్చుంది. అప్పటికి ఆసుపత్రుల్లో పడకలు నిండి, వరండాల్లో పరుపులు వేస్తున్నారు.

“ఇట్లాంటి మాత్రలు వాడేవాళ్ళు దేశంలో ఎంతమంది ఉంటారు?” అని సంఘం పెద్ద అడిగాడు.

హైమవతి చెప్పింది.

“రోజుకి పోతున్నవాళ్ళు?”

అదీ చెప్పింది. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూశారు. మాత్రలు వాడేవాళ్ళంతా ఊళ్ళో జలుబు పూర్తిగా సద్దుమణిగేదాకా విడిగా ఉండాలని, వాళ్ళకి తిండీ మందులూ గడప దగ్గరికే చేర్చాలని ఒకరు సూచించారు. మిగతావాళ్ళు బాగుందన్నారు. అభ్యంతరం ఉందా అని హైమవతిని అడిగారు.

ఆమెకు మురహరి గుర్తుకు రాకపోలేదు. గుర్తొచ్చాడు కాబట్టే ఆ సంగతి పైకి అనలేదు. సొంతవాడి కోసం దేశం లెక్క మార్చిందంటారనుకుంది. లెక్క తప్పని కూడా ఆమెకు అనిపించలేదు. అభ్యంతరం లేదని చెప్పింది.

సమావేశం అయ్యాక కృపాదానం ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “ఇంట్లో చెప్పండమ్మా ముందు,” అన్నాడు.

“చెప్తాను సర్,” అంది. మనుషుల మీద పరీక్షలు ముగిసి ప్రకటన వెలువడేదాకా రహస్యంగా ఉంచాలన్న షరతు ఒకటుంది. అది సాకుగా పనికొచ్చింది. చివరికి మురహరి ఆ సంగతి జనగామలో, తన ఇంట్లో, టీవీలో విన్నాడు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసేసరికి అతనే ముందు మాట్లాడాడు.

“చూసినక్కా. నువ్వు తెల్లచీర కట్టుకున్నవ్, మంచిగ కనవడ్డవ్. ఎవరో నీ పేరు తప్పు చదివిండు.”

“తమ్మీ, నువ్వు విడిగ ఉండాలె. ఇంట్ల శోభ, నిహారిక తోని కూడా.”

“టీవీల చెప్పిండ్రు. మేడ మీది గదిల ఉంట.” మళ్ళీ తనే, “ఎంతమంది బతుకుతరంట?” అని అడిగాడు.

ఆమె చెప్పింది. “అయితే మంచిదేనాయె,” అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని హైమవతి వెతికింది. కనబడలేదు.

*

మురహరికి జనగామలో మైకు సెట్ల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ స్పీకరు డబ్బాలు అద్దెకిస్తాడు. ఊళ్ళో ప్రకటనలన్నీ అతని గొంతులోనే వినబడతాయి. అతను మేడమీది గదిలోకి మారిన మర్నాడే మున్సిపాలిటీ వాళ్ళు ఫోన్ చేసి టీకా ప్రకటన రికార్డు చేసి ఇమ్మన్నారు. మంచం మీద కూర్చుని, దుప్పటి తల మీదుగా కప్పుకుని, బయటి చప్పుడు పడకుండా ఫోన్‌లో చెప్పాడు. “జనగామ పట్టణ ప్రజలకు తెలియజేయునది. జలుబు టీకా మీ వార్డు బడిలోనే వేయబడును. మీరు వేయించుకుంటే మీ ఇంటిల్లిపాదికీ రక్షణ. కిడ్నీ, లివరు మార్చుకున్నవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు మాత్రం దయచేసి దూరంగా ఉండగలరు.” ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాడు. ఆటోలు ఆ గొంతును సందుసందుకీ తిప్పాయి.

ఊరు రెండుగా చీలింది. ఎనిమిదిమందిలో ఒకరికే టీకా కాబట్టి, జాబితాలో పేరు రానివాళ్ళు వచ్చినవాళ్ళ ఇళ్ళకి చాయ తాగడానికి వెళ్ళసాగారు. తుమ్మినవాణ్ణి చూసి ముక్కు మూసుకునే రోజులు పోయి, తుమ్మినవాడి పక్కన చోటు కోసం బస్సులో తోసుకున్నారు. కూరగాయల మార్కెట్లో ఒకావిడ, జలుబు చేసిన కోడల్ని వెంటబెట్టుకుని చుట్టాలందరి ఇళ్ళకీ తిప్పిందని మురహరి భార్య శోభారాణి కింద మెట్ల దగ్గర నిలబడి మొగుడికి చెప్పి నవ్వింది.

ఇంకో సగం తలుపులేసుకున్నారు. వద్దన్నవాడికి వద్దనే హక్కు లేకుండా గాలిలో వదలడం ఏమిటని వాళ్ళ ప్రశ్న. పిల్లలు పుట్టరని కొందరు, పుట్టేవాళ్ళకి వాసనలు తెలియవని కొందరు అనుకున్నారు. వాటిని కొట్టిపారెయ్యడం తేలికే. “నా ముక్కులకు ఏం పోవాల్నో నన్నడగరా?” అన్నవాళ్ళకి మాత్రం డాక్టర్లు జబ్బు సంగతి చెప్పారు గానీ, ఆ మాటకు జవాబు చెప్పలేదు.

వాళ్ళ కూతురు నిహారిక డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మొదటి వారంలోనే కాలేజీలో జలుబు అంటించుకుని వచ్చింది. తల్లికి అంటింది. ఇక ఆ ఇద్దరూ మేడ ఎక్కడానికి లేదు. శోభారాణి గిన్నెలు మెట్ల మలుపులో పెట్టి, కిందికి దిగి, “పెట్టిన” అని కేకేసేది. అతను మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి తీసుకునేవాడు.

“నాయనా, మెట్ల మీద ముచ్చట పెడుదమా?” అని నిహారిక ఒకరోజు కింద నిలబడి అడిగింది.

“ఫోన్‌ల పెడుదం బిడ్డా,” అన్నాడు. ఒకే ఇంట్లో ఉండి ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

*

వాళ్ళ వెనకింట్లో ఐలయ్య అని ఒకాయన ఉండేవాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పాత కోవిడ్‌లో పోయింది. అప్పట్లో ఆసుపత్రిలో ఏ మందు ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. శవాన్ని కూడా చూపించలేదు. అప్పటినుంచీ తెల్లకోటు మనుషుల మాట వినడం మానేశాడు. జలుబు టీకా వద్దన్నవాళ్ళలో ఆ వాడకి ఆయనే పెద్ద. కొడుకు ఇల్లు వదిలి, వెనక రేకుల గదిలోకి మకాం మార్చాడు. ఎవరితోనూ కలవడం లేదు.

ఈయన రేకుల గది మీదికెక్కితే మురహరి మేడ కనబడుతుంది. మొదట్లో దూరం నుంచే పలకరించుకున్నారు.

“నువ్వు ఎందుకు దాక్కున్నవ్ మురహరీ? మీ అక్కే చేసిందంటిరి గద.”

“నాకు అంటొద్దు మామా. అంటితే తగ్గది.”

“నాకూ అంటొద్దు. నాకు ఇష్టం లేదు.” ఐలయ్య ఊరి వైపు చెయ్యి తిప్పాడు. “ఊరు మొత్తంల శుద్ధంగ ఉన్నది మనిద్దరమే.”

ఆ మాట ఇద్దరికీ నచ్చింది. రోజూ అట్లా కేకల మీద మాట్లాడుకోవడంతో ఐలయ్యకి గొంతు నొప్పి పుట్టేది. ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఈ మేడ మీదికే వచ్చాడు. మురహరి వద్దనాలి. మనిషి ముఖం దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. “ఎవర్నన్న ముట్టుకున్నవా మామా?” అని అడిగాడు. “నా మనవరాలిని కూడా ఎత్తుకోలే,” అన్నాడు ఐలయ్య. నిజమే చెప్పాడు. ఎత్తుకోలేదు. ఆ పిల్ల కిటికీ దగ్గరికి వస్తే ఊచల మధ్యనుంచి బుగ్గ నిమిరాడు. ఆ పిల్లకి బడిలో టీకా వేసి అప్పటికి రెండు రోజులు. జలుబు అంటినా ఐలయ్యకి తుమ్ము కూడా రాలేదు. కొందరికి అంత తేలికగా వచ్చి పోతుంది.

ఇద్దరూ నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని పులిమేక ఆడుకున్నారు. మరునాడూ ఆడుకున్నారు. ఆ వారం మురహరికి ఆ గదిలోకి వచ్చాక అన్నిటికన్నా బాగా గడిచింది. శోభారాణితో ఫోన్‌లో ఆ ముచ్చటే చెప్పాడు. ఆమె భయపడింది, కానీ అతని గొంతులో హుషారు విని వద్దనలేకపోయింది.

*

మురహరికి జ్వరం వచ్చింది. తర్వాత దగ్గు. హైదరాబాద్‌లో విడి వార్డులో చేర్చారు. గొంతులోంచి తీసిన నమూనా హైమవతి ప్రయోగశాలకే వచ్చింది. ఈ టీకా వైరస్ జన్యువుని అక్షరం అక్షరం చదవగలిగిన చోటు అదొక్కటే.

ఆమె తానే చదివింది. తాళం ఉండవలసిన చోట రెండక్షరాలు మారి ఉన్నాయి. వారం తర్వాత తీసిన నమూనాలో ఇంకోటి మారింది. జలుబు వైరస్ తన తమ్ముడి ఒంట్లో తీరిగ్గా కూర్చుని కొత్త దారులు వెతుక్కుంటోందని ఆమెకు అర్థమైంది. అది బయటపడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా.

వైద్యుడితో కలిసి వార్డులోకి వెళ్ళింది. తల నుంచి కాళ్ళ దాకా కప్పుకున్న ఆ దుస్తుల్లో మురహరి ఆమెను నడకని బట్టి పోల్చుకున్నాడు.

“అక్కా, ఐలయ్య మామని ఏమనకుండ్రి,” అన్నాడు ముందుగా. “ఆయనకే తెల్వదు. రక్తం పరీక్ష చేసి చెప్తే రోజంతా అన్నం తినలేదంట.”

“ఎవరూ ఏమనరు.”

వైద్యుడు సంగతి వివరించాడు. మాత్రలు ఆపితే ఒంటికి బలం తిరిగొచ్చి వైరస్‌ని తరిమేస్తుంది. ఆ బలమే కిడ్నీ మీదా పడుతుంది. మాత్రలు ఆపకపోతే కిడ్నీ నిలుస్తుంది, ఊపిరితిత్తులు నిలిచేది మాత్రం కష్టం. మధ్యేమార్గంగా ఇచ్చిన మందులు పని చెయ్యలేదు.

మురహరి అక్కవైపు చూశాడు. “నీ కిడ్నీ పోతదా?”

“నీదే అది,” అంది హైమవతి.

“పోతదా మరి?”

“పోతది.”

అతను పొత్తికడుపు పక్కన, కోసి కుట్టిన చోట, చెయ్యి పెట్టుకున్నాడు. “సరే, ఆపుండ్రి,” అన్నాడు వైద్యుడితో.

మాత్రలు ఆపిన పద్దెనిమిదో రోజుకి గొంతులో వైరస్ లేదు. కిడ్నీ అంతకు ముందే ఆగిపోయింది. దాన్ని తీసేసిన రోజు హైమవతి ఆసుపత్రిలోనే ఉంది. తీసినదాన్ని చూస్తారా అని సర్జన్ అడిగాడు. అటువంటివి ఎన్నో చూసిన మనిషే. వద్దంది. బయట శోభారాణి బెంచీ మీద కూర్చుని ఉంది.

“వదినా,” అంది శోభారాణి, “మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, మొన్న కోవిడ్ పాజిటివ్ వచ్చి రెండు రోజులకే లేచి తిరుగుతుండు. నీ టీకా వల్లనే. ఆయన ఫోన్ చేసి నీకు దండం చెప్పమన్నడు.” హైమవతి ఆమె పక్కన కూర్చుంది.

*

ఆ ఏడాది చివరికి వరండాల్లో పరుపులు తీసేశారు. జలుబు టీకా ఎంతమందిని కాపాడిందో లెక్క గట్టినప్పుడు, అది అనుకున్నదానికన్నా పెద్ద అంకె అయింది. మురహరి లాగా దాని వల్ల దెబ్బతిన్నవాళ్ళని కూడా లెక్కపెట్టాలని హైమవతి పట్టుబట్టింది. పెట్టారు. అది అనుకున్నదానికన్నా కొంచెం చిన్న అంకె అయింది. రెండూ ఒకే పేజీలో అచ్చయ్యాయి. ఎవరూ దాచలేదు.

మురహరికి వారానికి మూడు రోజులు డయాలసిస్. జనగామలోనే చిన్న కేంద్రం ఉంది. మిషన్ నడిచినంతసేపూ పడకకి అతుక్కుని ఉండాలి. హైమవతి ఒక శనివారం వచ్చి స్టూలు మీద కూర్చుంది. మైకు దుకాణం నిహారిక చూసుకుంటోందనీ, ప్రకటనలు కూడా తన గొంతుతోనే చెప్తోందనీ మురహరి చెప్పాడు.

“దాని గొంతు మంచిగుంటది. కాని తొందర తొందరగ చదువుతది.”

“నేర్చుకుంటది.”

“ఏదో చెప్పుదామని వచ్చినవ్. చెప్పు.”

ఆమె చెప్పింది. ఏటా వచ్చే ఫ్లూ జ్వరానికి కూడా ఇదే పద్ధతిలో టీకా చెయ్యమని ప్రభుత్వం అడుగుతోంది. ఈసారి తాళం గట్టిది. మాత్రల మేత తిన్న ఎలుకల్లో చాలావాటిలో నిలిచింది. అన్నిటిలో కాదు. మళ్ళీ సంఘం కూర్చుంటుంది, మళ్ళీ ఆమెను అడుగుతారు.

“ఏం చెప్పమంటవ్ తమ్మీ?”

మురహరి గొట్టంలో తిరుగుతున్న తన రక్తం వంక చూశాడు.

“ఇప్పుడు అడుగుతున్నవ్. మొదటిసారి అడగలేదు కదక్కా,” అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

“అడగలేదు.”

“టీవీల విన్న. శోభ పప్పు రుబ్బుతున్నది. మిక్సీ ఆపి చూసింది నా దిక్కు.”

హైమవతికి చెప్పడానికి చాలా ఉంది. రహస్యపు షరతు ఉంది, పరుపులున్నాయి, ఆ రెండంకెలున్నాయి. “అడిగుంటే ఏమందువు?” అని మాత్రం అంది.

“సరే అనేటోణ్ణి.” అతను తల ఇటు తిప్పాడు. “ఎందుకు అననక్కా? ఇంతమంది బతుకుతరంటే వద్దంటనా? మీది గదికి పొయ్యేటోణ్ణి. ఇదంతా ఇట్లనే అయ్యేదేమో. కాని సరే అన్నది నేనయ్యేటోణ్ణి.”

మిషన్ ఒకసారి కూత పెట్టింది. నర్సు వచ్చి ఏదో సరిచేసి వెళ్ళింది.

“ఇప్పుడు నన్నడిగితే ఏమొస్తది,” అన్నాడు మురహరి. “నాకు పోయేది పోయింది. వాళ్ళనడుగు.”

ఆ గదిలో ఇంకా నాలుగు పడకలున్నాయి. పక్క పడక మీద ఒకావిడ ఉంది. ముప్పై దాటి ఉండదు. దుప్పటి భుజం దాకా కప్పుకుని వీళ్ళ మాటలు వింటోంది. పేరు స్వరూప అని, ఆమెకి తల్లి కిడ్నీ ఇస్తోందని, వచ్చే నెలలో ఆపరేషన్ అని మురహరి చెప్పాడు. ఆ తర్వాత ఆమె కూడా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతుంది.

హైమవతి స్టూలు ఆవైపు జరుపుకుంది. తానెవరో చెప్పింది. ఎలుకల సంగతి, తాళం సంగతి, ఏది గట్టిగా తెలుసో ఏది తెలియదో, మురహరికి ఏమైందో అంతా చెప్పింది. ఆమె ఎక్కడా అడ్డు రాకుండా విన్నది.

“ఒప్పుకుంటారా?” అని అడిగింది హైమవతి.

స్వరూప దుప్పటి భుజం మీంచి కిందికి జరుపుకుంది. “ఒప్పుకోను మేడం,” అంది.

ఒప్పించడానికి హైమవతి అంకెలేవీ చెప్పలేదు. మురహరి కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు.

“ఎందుకో చెప్పండి,” అంది హైమవతి, స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.